1969లో మన దేశంలో అసలేం జరిగింది? మే 3 దగ్గర మొదలుపెట్టి చదవండి

మీ ప్రశ్న ఇది: గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నారు. భారతదేశ చరిత్రలో 1969 గురించి ఏ పుస్తకం తెరిచినా తేదీల పట్టికే కనిపిస్తోంది. బ్యాంకుల జాతీయీకరణ, రాష్ట్రపతి ఎన్నిక, కాంగ్రెస్ చీలిక, తెలంగాణ ఉద్యమం అన్నీ విడివిడిగా ఉన్నాయి, ఎంత చదివినా గుర్తుండటం లేదు. వీటిలో ఒకదానికొకటి సంబంధం ఉందా, అప్పుడు జాతీయం చేసిన 14 బ్యాంకుల్లో ఆంధ్రా బ్యాంకు ఎందుకు లేదు అని అడిగారు.

డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ని. ఈ ఏడాది దగ్గరికి వచ్చేసరికి పిల్లలు పడే ఇబ్బంది నాకు బాగా తెలుసు. జనవరి నుంచి డిసెంబరు దాకా వరసగా బట్టీ పట్టబోతారు, ఆగస్టు వచ్చేసరికి అంతా కలగాపులగం అయిపోతుంది. నా సలహా ఒక్కటే. జనవరిని కాసేపు పక్కన పెట్టి మే 3 దగ్గర మొదలుపెట్టండి. ఢిల్లీలో ఆ ఏడాది జరిగిన పెద్ద సంగతులన్నిటికీ మొదటి కదలిక ఆ రోజే వచ్చింది.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. పదవిలో ఉండగా రాష్ట్రపతి చనిపోవడం మన దేశంలో అదే మొదటిసారి. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి అదే రోజు తాత్కాలిక రాష్ట్రపతిగా బాధ్యతలు తీసుకున్నారు. కొత్త రాష్ట్రపతిని ఎన్నుకోవాలి. మామూలుగా అయితే కాంగ్రెస్ ఎవరి పేరు చెబితే వాళ్లే గెలుస్తారు. కానీ 1967 ఎన్నికల్లో కాంగ్రెస్ బాగా దెబ్బతింది, చాలా రాష్ట్రాలు చేజారాయి. పైగా పార్టీలో ప్రధాని ఇందిరా గాంధీకీ, సిండికేట్ అని పేరుపడ్డ పెద్దలకీ అసలు పడటం లేదు. నిజలింగప్ప, కామరాజ్, ఎస్.కె. పాటిల్, అతుల్య ఘోష్, మన నీలం సంజీవరెడ్డి, వీళ్లే ఆ సిండికేట్. తమ మనిషి రాష్ట్రపతి అయితే ప్రధానిని అదుపులో పెట్టవచ్చని వాళ్ల లెక్క. ఆ సంగతి ఇందిరకూ తెలుసు.

జూలై రెండో వారంలో బెంగళూరులో ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) సమావేశాలు జరిగాయి. ఆర్థిక విధానం మీద ఇందిర ఒక నోట్ పంపారు, అందులో బ్యాంకుల ప్రస్తావన ఉంది. అక్కడే, అభ్యర్థిని ఖాయం చేసే పార్టీ పార్లమెంటరీ బోర్డులో, రాష్ట్రపతి పదవికి ఆమె జగ్జీవన్ రామ్ పేరు ముందుకు తెచ్చారు. బోర్డు మెజారిటీతో సంజీవరెడ్డిని ఖాయం చేసింది. సొంత పార్టీ బోర్డులో ప్రధాని ఓడిపోయారు.

ఆ తర్వాతి వారం రోజుల్ని నిదానంగా చదవండి, ఏడాది మొత్తానికీ కీలకం అక్కడే ఉంది. జూలై 16న ఇందిర మొరార్జీ దేశాయ్ చేతిలోంచి ఆర్థిక శాఖను తీసేశారు. ఉపప్రధానిగా ఉన్న ఆయన మంత్రివర్గం నుంచే తప్పుకున్నారు. జూలై 19, శనివారం, 14 బ్యాంకుల్ని జాతీయం చేస్తూ, అంటే ప్రభుత్వ పరం చేస్తూ, ఆర్డినెన్స్ (పార్లమెంటు సమావేశాలు లేనప్పుడు రాష్ట్రపతి సంతకంతో వచ్చే తాత్కాలిక చట్టం) వచ్చింది. ఆ రాత్రి ఇందిర రేడియోలో దేశానికి ఆ మాట చెప్పారు. రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేయడానికి జూలై 20న గిరి ఉపరాష్ట్రపతి పదవికీ, తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతకీ రాజీనామా చేశారు. జూలై 21న పార్లమెంటు సమావేశాలు మొదలయ్యాయి.

ఇప్పుడు చూడండి, ఆర్డినెన్స్ సరిగ్గా 19నే ఎందుకు వచ్చింది? పార్లమెంటు నడుస్తుంటే ఆర్డినెన్స్ కుదరదు, కాబట్టి 21లోపు రావాలి. గిరి ఆ కుర్చీలో ఉండగా సంతకం కావాలంటే 20లోపే రావాలి. అంటే చేతిలో ఉన్నది గంటల వ్యవధి. పి.ఎన్. హక్సర్, ఐ.జి. పటేల్ లాంటి అధికారులు హడావిడిగా కూర్చుని ముసాయిదా తయారు చేయడానికి కారణం అదే. పరీక్షలో ‘జాతీయీకరణకు కారణాలు’ అని అడిగితే గ్రామాలకు అప్పులు, వ్యవసాయం, చిన్న పరిశ్రమలు అని రాస్తాం. అవి నిజమైన కారణాలే. బ్యాంకులు పెద్ద వ్యాపార కుటుంబాల చేతుల్లో ఉండేవి, రైతుకు అప్పు పుట్టేది కాదు, ఆ చర్చ ఎన్నో ఏళ్లుగా సాగుతోంది. కానీ ఆ శనివారమే ఎందుకు అంటే మాత్రం జవాబు రాష్ట్రపతి ఎన్నికలో ఉంది. ఈ రెండూ కలిపి రాసినవాళ్ల జవాబే నిలబడుతుంది.

ఇక ఆంధ్రా బ్యాంకు సంగతి. 50 కోట్ల రూపాయలకు మించి డిపాజిట్లు ఉన్న బ్యాంకుల్నే అప్పుడు తీసుకున్నారు. సెంట్రల్ బ్యాంక్, బ్యాంక్ ఆఫ్ ఇండియా, పంజాబ్ నేషనల్, బరోడా, కెనరా, సిండికేట్ బ్యాంక్, యూనియన్, ఇండియన్ బ్యాంక్ వగైరా ఆ గీత దాటాయి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు దాటలేదు. దాని వంతు 1980 ఏప్రిల్ 15న వచ్చింది, రెండో విడత ఆరు బ్యాంకుల్లో ఒకటిగా. ఆ రెండో ఆర్డినెన్స్ వచ్చినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది నీలం సంజీవరెడ్డి. 1969లో ఎవరిని రాకుండా ఆపడానికి అంత పోరు జరిగిందో ఆయనే, ఇందిరే ప్రధానిగా ఉండగా, రెండో విడతకు సంతకం పెట్టారు. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు తలలెత్తి చూసేవారు.

గిరి రాజీనామాతో ఇంకో చిక్కు వచ్చింది. రాష్ట్రపతి లేరు, ఉపరాష్ట్రపతీ లేరు. ఇలాంటి పరిస్థితి వస్తే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆ బాధ్యత చూడాలని ఆ ఏడాదే చట్టం చేశారు. దాని ప్రకారం జస్టిస్ ఎం. హిదయతుల్లా జూలై 20 నుంచి ఆగస్టు 24 దాకా తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ జూలై 31న ఢిల్లీ వచ్చినప్పుడు ఆయనే రాష్ట్రపతి హోదాలో ఉన్నారు. ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన బ్యాంకుల బిల్లుకు ఆగస్టు 9న ఆమోదం తెలిపిందీ ఆయనే. హిదయతుల్లా పేరు గుర్తుపెట్టుకోండి, తెలంగాణ దగ్గర మళ్లీ వస్తుంది. ఆయన అక్కడ ఉన్నన్నాళ్లు సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తి బాధ్యతలు చూసింది జస్టిస్ జె.సి. షా. 1970 ఫిబ్రవరిలో ఆర్.సి. కూపర్ కేసులో ఆ బ్యాంకుల చట్టాన్ని కొట్టేసిన మెజారిటీ తీర్పు రాసింది ఆ షాయే. నాలుగు రోజుల్లో ప్రభుత్వం కొత్త ఆర్డినెన్స్ తెచ్చింది, అది వేరే కథ. ఎమర్జెన్సీ తర్వాత 1977లో వచ్చిన షా కమిషన్ కూడా ఆయనదే.

రాష్ట్రపతి ఎన్నికలో పోటీ పడ్డ ఇద్దరూ తెలుగువాళ్లే. మన పుస్తకాలు ఈ మాట ఒక వాక్యంలో దాటేస్తాయి, నాకది బాధగా ఉంటుంది. వరాహగిరి వెంకటగిరి 1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఐర్లండులో చదువుకుంటూ అక్కడి స్వాతంత్ర్య పోరాటంతో సంబంధం ఉందని 1916లో దేశం నుంచి పంపించేస్తే తిరిగొచ్చారు. రైల్వే కార్మికుల సంఘాల్ని నిలబెట్టారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చిందని 1954లో ఆ పదవికి రాజీనామా చేశారు. బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి వదులుకున్న మనిషి పదిహేనేళ్ల తర్వాత బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ మీద సంతకం చేశారన్నమాట. గిరిని కేవలం ఇందిర నిలబెట్టిన బొమ్మగా రాసేవాళ్లు ఈ 1954 రాజీనామాను మరిచిపోతారు. నా దృష్టిలో అది అన్యాయం.

నీలం సంజీవరెడ్డి 1913లో అనంతపురం జిల్లా ఇల్లూరులో రైతు కుటుంబంలో పుట్టారు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడిగానూ చేశారు. రెండోసారి ముఖ్యమంత్రిగా ఉండగా కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల వల్ల 1964లో పదవి వదిలేశారు. 1967లో లోక్‌సభ స్పీకర్ అయ్యాక పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు, స్పీకర్ పార్టీలకు అతీతంగా ఉండాలని. 1969లో పోటీ కోసం ఆ స్పీకర్ పదవినీ వదులుకున్నారు.

సంజీవరెడ్డి నామినేషన్ మీద ఇందిర స్వయంగా సంతకం చేశారు. ఆ తర్వాత కథ మారింది. స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు మాజీ ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. ఈ ఎన్నికలో ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరస ఇస్తాడు. వాళ్ల రెండో ప్రాధాన్య ఓట్లు సంజీవరెడ్డికి పడేలా కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప ఆ పార్టీల నాయకులతో మాట్లాడారు. అది ఇందిర వర్గానికి సాకుగా దొరికింది. అధికారిక అభ్యర్థికే ఓటేయాలని విప్ (పార్టీ ఆదేశం) ఇవ్వమంటే ఆమె ఇవ్వలేదు. ‘అంతరాత్మ ప్రబోధం’ ప్రకారం ఓటేయండి అన్న మాట అప్పుడే దేశమంతా పాకింది. కమ్యూనిస్టులు, డీఎంకే అప్పటికే గిరి వైపు ఉన్నారు.

ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద మీరే వేసుకోండి, రాష్ట్రపతి ఎన్నిక పద్ధతి ఇక జన్మలో మరిచిపోరు. ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఒక్కొక్కరి ఓటుకు ఒక విలువ ఉంటుంది. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలవాలంటే అందులో సగానికి పైన, అంటే 4,18,169 రావాలి. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. మొత్తం 15 మంది పోటీలో ఉన్నారు, మిగతావాళ్లవి చిల్లర ఓట్లు. గిరి దాదాపు 88 వేలు ముందున్నారు, కానీ గెలవడానికి కావలసిన ఆ సంఖ్య, అంటే కోటా, అందలేదు. కాబట్టి వెనకబడ్డవాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తూ వాళ్ల బ్యాలెట్ల మీద రెండో ప్రాధాన్యం ఎవరికుందో చూశారు. దేశ్‌ముఖ్ ఓట్లు తెరిచేసరికి సంజీవరెడ్డి పెట్టెలో గుట్టలుగా పడ్డాయి. చివరికి ఆయనకు 4,05,427 అయ్యాయి, అంటే దాదాపు 92 వేలు పెరిగాయి. గిరికి పెరిగింది 18,562 మాత్రమే. మొత్తం 4,20,077. కోటా మీద 1,908 ఎక్కువ. 88 వేల ఆధిక్యం 14,650కి కరిగిపోయింది, అయినా గిరి గెలిచారు. భారత రాష్ట్రపతి ఎన్నికల్లో రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాల్సి వచ్చింది ఆ ఒక్కసారే.

ఆగస్టు 24న గిరి ప్రమాణ స్వీకారం చేశారు. ఆ ఎన్నిక మీద సుప్రీంకోర్టులో కేసు పడితే, 1970లో రాష్ట్రపతిగా ఉంటూనే కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. కోర్టు ఆయన ఎన్నికను సమర్థించింది. సంజీవరెడ్డి రాజకీయాలు వదిలి చాలాకాలం వ్యవసాయం చూసుకున్నారు. 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

అధికారిక అభ్యర్థి ఓడిపోయాక పార్టీ ఒక్కటిగా నిలబడే అవకాశం లేదు. నవంబరు 12న ఇందిరను కాంగ్రెస్ నుంచి బహిష్కరించారు. ఎంపీల్లో ఎక్కువమంది ఆమె వైపే ఉన్నారు గానీ లోక్‌సభలో మెజారిటీ పోయింది. సీపీఐ, డీఎంకే మద్దతుతో ప్రభుత్వం నడిచింది. ఇందిర వర్గానికి జగ్జీవన్ రామ్ అధ్యక్షుడయ్యారు. బెంగళూరులో బోర్డు కాదన్న పేరు ఆయనదే. అవతలి వర్గం నుంచి రామ్ సుభగ్ సింగ్ లోక్‌సభలో అధికారికంగా గుర్తింపు పొందిన తొలి ప్రతిపక్ష నేత అయ్యారు. ఇది పరీక్షల్లో తరచూ అడిగే బిట్.

మిగతా దేశంలో ఆ ఏడాది ఏం జరిగిందో త్వరగా చూద్దాం. జనవరి 14న మద్రాసు రాష్ట్రం పేరు తమిళనాడుగా మారింది. ఆ పేరు కోసం పోరాడిన అన్నాదురై మూడు వారాలు తిరక్కుండానే, ఫిబ్రవరి 3న చనిపోయారు, కరుణానిధి ముఖ్యమంత్రి అయ్యారు. మార్చిలో హౌరా, న్యూఢిల్లీ మధ్య మొదటి రాజధాని ఎక్స్‌ప్రెస్ నడిచింది, ప్రయాణం 17 గంటల 20 నిమిషాలు. ఏప్రిల్ 22న నక్సలైట్ల పార్టీ సీపీఐ (ఎంఎల్) ఏర్పడింది. ఆగస్టు 15న ఇస్రో పుట్టింది, విక్రమ్ సారాభాయ్ దాని వెనక ఉన్న మనిషి. రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవిని ఎంచుకున్నదీ ఆ ఏడాదే. అక్టోబరు 28న తారాపూర్ అణువిద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టింది. చండీగఢ్ పంజాబుకు కావాలని దర్శన్ సింగ్ ఫెరుమాన్ ఆగస్టు 15న నిరాహార దీక్షకు కూర్చుని అక్టోబరు 27న ప్రాణం వదిలారు. పొట్టి శ్రీరాములు కథ తెలిసిన మనం ఆయన పేరు కూడా తెలుసుకోవాలి.

అది గాంధీ శతజయంతి సంవత్సరం. అక్టోబరు 2కి రెండు వారాల ముందు ఆయన సబర్మతి ఆశ్రమం ఉన్న అహ్మదాబాద్‌లోనే ఘోరమైన మత కల్లోలాలు జరిగాయి. వందల మంది చనిపోయారు. దాని మీద విచారణ జరిపిన కమిషన్‌కు అధ్యక్షుడు జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి, మన హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన న్యాయమూర్తి. ఆయన నివేదిక 660 మంది మరణించారని తేల్చింది.

ఇప్పుడు జనవరికి వెనక్కి వెళదాం. తెలంగాణ ఉద్యమానిది వేరే దారి. అది మే 3కి ముందే మొదలైంది, దాని మూలాలు ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన 1956 పెద్దమనుషుల ఒప్పందంలో ఉన్నాయి. ఆ ఒప్పందం ప్రకారం తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకు, తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకు దక్కాలి. దక్కడం లేదన్న కోపం పాల్వంచ థర్మల్ కేంద్రం దగ్గర, ఖమ్మంలో బయటపడింది. జనవరిలో ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. అక్కణ్నుంచి వరంగల్, హైదరాబాద్ కాలేజీలకు పాకింది. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి అఖిలపక్షం పిలిచారు. నిబంధనలకు విరుద్ధంగా చేరిన స్థానికేతర ఉద్యోగుల్ని ఫిబ్రవరి 28లోపు వెనక్కి పంపాలని జనవరి 21న జీవో 36 వచ్చింది. ఆ ఉద్యోగులు కోర్టుకెక్కారు.

మార్చి 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కావాలంటే పార్లమెంటు ఒక రాష్ట్రంలో నివాసాన్ని షరతుగా పెట్టవచ్చు గానీ, రాష్ట్రంలో ఒక భాగానికి మాత్రమే అలా పెట్టడానికి రాజ్యాంగం ఒప్పుకోదని చెప్పి, తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అని 1957 చట్టం ఇచ్చిన రక్షణను కొట్టేసింది. ఆ తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా. అప్పటిదాకా రక్షణలు అమలు చేయమని అడుగుతున్నవాళ్లకు, ఆ రక్షణలకు చట్టం అండ లేదని తేలిపోయింది. రక్షణల మాట వెనకబడి, ప్రత్యేక రాష్ట్రం మాట ముందుకు వచ్చింది. తీర్పుకూ నినాదానికీ ఉన్న ఈ సంబంధాన్ని జవాబులో తప్పకుండా రాయండి.

ఏప్రిల్ 11న ఇందిర పార్లమెంటులో అష్టసూత్ర పథకం ప్రకటించారు. మిగులు నిధులు తేల్చడానికి జస్టిస్ భార్గవ కమిటీ, రాజ్యాంగ రక్షణల కోసం జస్టిస్ వాంఛూ కమిటీ అందులోంచి వచ్చినవే. జనం శాంతించలేదు. కొండా లక్ష్మణ్ బాపూజీ మంత్రి పదవి వదిలేశారు. మేలో మర్రి చెన్నారెడ్డి తెలంగాణ ప్రజా సమితి నాయకత్వం తీసుకున్నారు. కాల్పులు, కర్ఫ్యూలు, అరెస్టులు, మూతపడ్డ కాలేజీలు. ఒక విద్యా సంవత్సరం పిల్లల చేతుల్లోంచి జారిపోయింది. ఉద్యమంలో చనిపోయినవాళ్లు 369 మంది అని ఉద్యమకారులు చెబుతారు. జవాబులో ఆ సంఖ్య రాస్తే ఎవరి లెక్కో కూడా రాయండి. వాళ్ల స్మారకమే హైదరాబాద్ గన్‌పార్కులో ఉన్న అమరవీరుల స్థూపం, శిల్పి ఎక్కా యాదగిరిరావు.

అదే సమయంలో శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన రైతాంగ పోరాటం సాయుధ రూపంలో సాగుతోంది. మేలో పంచాది కృష్ణమూర్తి, డిసెంబరులో కవి సుబ్బారావు పాణిగ్రాహి పోలీసుల చేతుల్లో చనిపోయారు. గిరిది బరంపురం, ఆయన తొలిసారి లోక్‌సభకు గెలిచిన పాతపట్నం శ్రీకాకుళం జిల్లాలోది. రాష్ట్రపతి సొంత ప్రాంతం తుపాకుల మధ్య ఉంది, ముఖ్యమంత్రి రాజధాని కర్ఫ్యూలో ఉంది. ఇద్దరు తెలుగువాళ్లు దేశపు అత్యున్నత పదవికి పోటీ పడిన ఏడాది అది.

ఢిల్లీ కథ, తెలంగాణ కథ కలిసేది 1971లో. పార్టీ చీలి మెజారిటీ పోయిన ఇందిర, ఏడాది ముందే లోక్‌సభ ఎన్నికలకు వెళ్లారు. 1971 మార్చిలో దేశమంతా ఆమె గాలి వీచింది, తెలంగాణలో మాత్రం 14 సీట్లలో 10 ప్రజా సమితి గెలుచుకుంది. ఆ సెప్టెంబరులో ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది, బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు, తెలంగాణ నుంచి పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత వచ్చిన 1972 జై ఆంధ్ర ఉద్యమం, 1973 ఆరుసూత్రాల పథకం, 371డి అధికరణం మీ సిలబస్‌లో వేరే అధ్యాయంగా ఉంటాయి. వాటిని మార్చి 28 తీర్పు దగ్గర్నుంచి మొదలుపెట్టి చదవండి.